కేంద్రాన్ని నమ్మకపోతే దేశాన్ని నమ్మనట్టేనా? నేను చూసినంతలో చెప్తా

మీరు అడిగింది రెండు ముక్కలుగా ఉంది. కేంద్రం ఏం చేసినా అనుమానంగా చూసేవాళ్లు దేశానికి వ్యతిరేకులా అనేది ఒకటి, అసలు ప్రభుత్వం మన జీవితంలోకి ఎంతవరకు రావచ్చో ఎవరు చెప్పాలి అనేది ఇంకోటి. మొదటిదానికి జవాబు కాదు, అస్సలు కాదు. రెండోదానికి కొంచెం ఓపిగ్గా చదవాలి, ఎందుకంటే ఇది నేను పుస్తకాల్లోంచి చెప్పట్లేదు, ఇంట్లో జరిగినవి చూసి చెప్తున్నా.

నేను హైదరాబాద్ లోనే పుట్టి పెరిగా, ముషీరాబాద్ సైడు, ఒక ప్రైవేట్ కంపెనీలో అకౌంట్స్ చూస్తా. ఏ పార్టీ మెంబర్షిప్పూ లేదు. ఇన్నేళ్లలో గమనించింది ఏంటంటే గవర్నమెంట్ మీద అనుమానం లేనివాళ్లు మన దగ్గర ఎవరూ లేరండి, కాకపోతే ఎవరి అనుమానం వాళ్లకి నచ్చని పార్టీ దగ్గరే ఆగిపోతుంది. ఢిల్లీ అంటే మండిపడే మనిషి ఇక్కడి సెక్రటేరియట్ ఏం చేసినా కళ్లు మూసుకుని నమ్ముతాడు, సెక్రటేరియట్ ని తిట్టేవాడు ఢిల్లీ ఏం చేసినా చప్పట్లు కొడతాడు. నా బాధంతా దీని గురించే.

ముందు మా ఇంట్లో జరిగింది చెప్తా. 2016 నవంబర్ 8 రాత్రి 8 గంటలకి ప్రధాని టీవీలోకి వచ్చి 500, 1000 నోట్లు అర్ధరాత్రి నుంచి చెల్లవన్నప్పుడు మా చెల్లి పెళ్లి పనులు మధ్యలో ఉన్నాయి. చెలామణిలో ఉన్న డబ్బు విలువలో 86 శాతం ఆ రెండు నోట్లే. ఫంక్షన్ హాల్ కి అడ్వాన్స్ ఇచ్చేశాం, కార్డులు పంచడం మొదలైంది, నాన్న రిటైర్మెంట్ డబ్బులు మొత్తం బ్యాంకులోనే ఉన్నాయి, అంటే బీరువాలో దాచిన డబ్బు కాదు, దొంగ లెక్క కాదు. కానీ పెళ్లిలో చెక్కు తీసుకునేది ఎవరు చెప్పండి? బంగారం షాపు వాళ్లు తీసుకుంటారు, హాల్ వాళ్లు తీసుకుంటారు. గుడిమల్కాపూర్ మార్కెట్ లో పూలతను, వంట మాస్టరు, ఆయన వెంట వచ్చే వడ్డన పిల్లలు, మండపం కట్టేవాళ్లు, సన్నాయి మేళం వాళ్లు, పంతులుగారు, వీళ్లందరికీ చేతిలో క్యాష్ పెట్టాల్సిందే.

బ్యాంకులో వారానికి 24 వేలు మించి తీయనివ్వట్లేదు. దేశమంతా పెళ్లిళ్ల గోల ఎక్కువయ్యాక పెళ్లి ఉన్న ఇంటికి 2.5 లక్షల వరకు ఇస్తామన్నారు, హమ్మయ్య అనుకున్నాం. తర్వాత నవంబర్ 21న రిజర్వ్ బ్యాంక్ షరతులు వచ్చాయి. పెళ్లి డిసెంబర్ 30 లోపు ఉండాలి, నవంబర్ 8 నాటికి అకౌంట్లో ఉన్న డబ్బే తీయాలి, పెళ్లికొడుకు పెళ్లికూతురు పేర్లు అడ్రస్సులు రాయాలి, శుభలేఖ పెట్టాలి, హాల్ కి వంటవాళ్లకి కట్టిన అడ్వాన్స్ రసీదులు పెట్టాలి. వీటన్నిటి పైన, తీసిన డబ్బు ఎవరెవరికి ఇస్తారో లిస్టు ఇవ్వాలి, ఆ లిస్టులో ఉన్నవాళ్లకి బ్యాంక్ అకౌంట్ లేదని వాళ్ల చేత రాయించుకుని రావాలి. ఒకటి రెండు రోజులకి మళ్లీ మార్చి పదివేలు దాటిన వాటికే లిస్టు అన్నారు, కానీ ఆ మార్పు మా బ్రాంచ్ దాకా వచ్చి అక్కడివాళ్లు దాన్ని ఒప్పుకునేసరికి మేం అప్పటికే కాళ్లరిగేలా తిరిగేశాం.

ఆ సంతకాల కోసం నాన్నా నేనూ తిరిగిన తిరుగుడు నేను మర్చిపోలేను. మేళం పెద్దాయన, మా తాతగారి టైం నుంచి మా ఇంటి పెళ్లిళ్లకి వచ్చే మనిషి, కాగితం చూసి భయపడ్డాడు. "అమ్మా, నాకు జన్ ధన్ ఖాతా ఉన్నది, పాస్ బుక్ ఊర్లె ఉన్నది, లేదని ఎట్ల రాయాలె, రేపు ఎవరన్నా పట్టుకుంటే నేనేం చెప్పాలె" అన్నాడు. ఆయన చెప్పింది నిజం. ఖాతా ఉంది కాబట్టి రూల్ ప్రకారం బ్యాంక్ లో వేయాలి, వేస్తే ఆయన ఊరెళ్లి లైన్లో నిలబడి తీసుకోవాలి, అప్పటిదాకా మేళంలో మిగతా నలుగురికి ఆయన ఏం పెడతాడు? పూలతను అయితే ఇంకా సూటిగా చెప్పేశాడు, "నా సంతకం సర్కారుకి పోతదంటే నాకొద్దు అక్కా మీ ఆర్డరు, ఇంకొకర్ని చూస్కోండ్రి" అని. ఏ తప్పూ చేయని మనిషి, పొద్దున మూడింటికి లేచి పూలు అమ్ముకునే మనిషి, తన పేరు ఒక కాగితం మీద ఉంటుందని వచ్చే బేరం వదులుకున్నాడు. చివరికి మాకు బ్యాంకులో దొరికింది అడిగినదాంట్లో సగం కూడా కాదు, అదీ ఎక్కువ 2000 నోట్లు, వాటికి చిల్లర ఎవరి దగ్గరా లేదు. కౌంటర్లో ఉన్న ఆవిడని నేను ఒక్క మాట కూడా అనలేదు, పాపం ఆవిడ కూడా పొద్దున్నుంచి మంచినీళ్లు తాగకుండా కూర్చుని "మాకు క్యాష్ వస్తే కదమ్మా మీకు ఇచ్చేది" అంటోంది. చుట్టాలు, పక్కింటివాళ్లు తలా కొంత సర్దారు, పెళ్లి జరిగిపోయింది.

కొంతమంది అంటారు, అంత పెద్ద పనిలో కొంచెం ఇబ్బంది ఉంటుంది, మీరు దాన్ని పట్టుకుని వేలాడుతున్నారు అని. నాకు లైన్లో నిలబడటం సమస్య కాదండి. మా డబ్బు, మా చెల్లి పెళ్లి, తరతరాలుగా తెలిసిన మేళం మనిషి, వీటి మధ్యలోకి ప్రభుత్వం వచ్చి ఎవరికి ఎంత ఇస్తున్నావో రాసివ్వు, అతనికి ఖాతా లేదని రుజువు తెచ్చివ్వు అని అడగగలిగింది చూడండి, అది నాకు పెద్ద విషయం. దీనికి ముందు పార్లమెంట్ లో ఒక్క గంట చర్చ లేదు, రిజర్వ్ బ్యాంక్ చట్టంలో సెక్షన్ 26(2) కింద ఒక నోటిఫికేషన్, అంతే. 2018 ఆగస్టులో రిజర్వ్ బ్యాంక్ వార్షిక నివేదికలోనే వచ్చింది, రద్దయిన 15.41 లక్షల కోట్లలో 15.31 లక్షల కోట్లు బ్యాంకులకి తిరిగొచ్చేశాయి, అంటే 99.3 శాతం. 2023 జనవరి 2న సుప్రీంకోర్టు 4-1 మెజారిటీతో నోట్ల రద్దు పద్ధతి సరైనదే అంది. ఒప్పుకోని ఆ ఒక్క జడ్జి జస్టిస్ బి.వి. నాగరత్న, ఇంత పెద్ద నిర్ణయం కేంద్రం తనంతట తాను తీసుకోవాలనుకుంటే చట్టం ద్వారా చేయాలి, నోటిఫికేషన్ తో కాదు, రిజర్వ్ బ్యాంక్ తన సొంత బుర్ర పెట్టి ఆలోచించినట్టు కూడా కనిపించట్లేదు అని రాశారు. నాకు ఆవిడ మాటే సబబు అనిపిస్తుంది. కానీ తీర్పు ఎటు వచ్చినా అది ఆరేళ్ల తర్వాత వచ్చింది, అప్పటికి మా చెల్లి కూతురు స్కూల్ కి వెళ్తోంది.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్నకి వస్తా. కేంద్రం మీద అనుమానం మన ఊరికి కొత్త కాదు, ఈ పార్టీతో మొదలైందీ కాదు. మా నాన్న గాంధీ హాస్పిటల్ ముందు నుంచి వెళ్లినప్పుడల్లా చెప్తారు, అక్కడ ఒకప్పుడు ముషీరాబాద్ జైలు ఉండేది, ఎమర్జెన్సీ టైంలో 1975 డిసెంబర్ 1న నక్సల్ ఉద్యమంలో ఉన్న భూమయ్య, కిష్టాగౌడ్ లని అక్కడే ఉరితీశారు అని. వాళ్ల రాజకీయాలతో మా నాన్నకి ఏ సంబంధమూ లేదు, హింస అంటే ఆయనకి గిట్టదు కూడా. ఆయన చెప్పేదల్లా పేపర్లకి సెన్సార్ ఉన్న టైంలో, జనం నోరెత్తలేని టైంలో ప్రాణాలు తీసే పని చేయకూడదు అని. ఆ తర్వాత కొన్ని నెలలకే 1976 ఏప్రిల్ లో సుప్రీంకోర్టులో జబల్పూర్ కేసు తీర్పు వచ్చింది, ఎమర్జెన్సీలో ఎవరినైనా అక్రమంగా పట్టుకెళ్లి లోపల పెట్టినా కోర్టుకి వెళ్లే హక్కు లేదని నలుగురు జడ్జిలు రాశారు. జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే ఒప్పుకోలేదు, మరుసటి సంవత్సరం సీనియారిటీ ప్రకారం ఆయనకి రావాల్సిన చీఫ్ జస్టిస్ పదవి ఆయన్ని దాటేసి వేరేవాళ్లకి ఇచ్చారు. ఆ తీర్పు తప్పు అని సుప్రీంకోర్టు గట్టిగా ఒప్పుకుంది ఎప్పుడో తెలుసా, 2017 ఆగస్టు 24న, ప్రైవసీ ప్రాథమిక హక్కే అని తొమ్మిది మంది జడ్జిలు చెప్పిన పుట్టస్వామి కేసులో. 41 ఏళ్లు పట్టింది. ఆ కేసులో కూడా కేంద్రం నిలబడి వాదించింది ప్రైవసీ ప్రాథమిక హక్కు కాదనే. ఇవన్నీ తెలిసి కూడా ఒక మనిషి ఢిల్లీ చెప్పే ప్రతి మాటా వెంటనే నమ్మేయాలంటే ఎలా?

1984 ఆగస్టు సంగతి మీ ఇంట్లో పెద్దవాళ్లని అడిగినా చెప్తారు. ఎన్టీఆర్ కి మెజారిటీ ఉందో లేదో అసెంబ్లీలో లెక్కపెట్టకుండానే గవర్నర్ రామ్ లాల్ ఆయన్ని దింపేసి నాదెండ్ల భాస్కరరావుని కూర్చోబెట్టాడు, జనం రోడ్డెక్కారు, ఎమ్మెల్యేలని కర్ణాటక తీసుకెళ్లి కాపాడుకోవాల్సి వచ్చింది, సెప్టెంబర్ 16న మళ్లీ ఎన్టీఆరే ప్రమాణం చేశారు. కేంద్రం మిథ్య అని ఎన్టీఆర్ అన్న మాట మన దగ్గర అంత పాపులర్ అయింది ఊరికే కాదు. కానీ అదే ఎన్టీఆర్ ప్రభుత్వం 1983లో ఉద్యోగుల రిటైర్మెంట్ వయసు 58 నుంచి 55కి ఒక్కసారిగా తగ్గించి వేలమందిని ఇంటికి పంపేసింది కదా, అది కూడా గుర్తు పెట్టుకోవాలి కదా. ఢిల్లీ దెబ్బ తిన్న మనిషి కూడా తన చేతిలో అధికారం ఉన్నప్పుడు కింద ఉన్నవాళ్ల మీద వాడతాడు. ఇందులో ఎవరి క్యారెక్టర్ గురించీ నేను మాట్లాడట్లేదు, ఆపేవాళ్లు లేకపోతే ఎవరైనా అంతే.

తెలంగాణ విషయం కొంతమందికి నచ్చకపోవచ్చు, అయినా చెప్పాలి. 2009 డిసెంబర్ 9న కేంద్రం తెలంగాణ రాష్ట్రం ఇస్తున్నాం అంది, డిసెంబర్ 23కి మాట మార్చింది, ఆ రెండు వారాల్లో ఉస్మానియా యూనివర్సిటీ పిల్లల మొహాల్లో ఆశ ఎలా వచ్చి ఎలా పోయిందో ఈ ఊర్లో ఉన్నవాళ్లందరం చూశాం. 2014లో రాష్ట్రం వచ్చింది, మేం సంతోషపడ్డాం, ఇప్పటికీ అది న్యాయమైన డిమాండే అని నేను నమ్ముతా. కానీ వచ్చిన దారి చూడండి. ఉమ్మడి అసెంబ్లీ జనవరిలో బిల్లుని తిరస్కరించింది, అయినా రాష్ట్రాలని విడదీసే అధికారం పార్లమెంట్ కి ఇచ్చే రాజ్యాంగం ఆర్టికల్ 3 ప్రకారం అసెంబ్లీ అభిప్రాయం అడిగితే చాలు, ఒప్పుకోవాల్సిన పని లేదు, ఫిబ్రవరి 18న లోక్ సభలో టీవీ లైవ్ ఆగిపోయి ఉండగా బిల్లు పాసయింది. అదే ఆర్టికల్ 3 తో 2019 ఆగస్టులో జమ్ము కశ్మీర్ ని రాష్ట్రం హోదా తీసేసి రెండు కేంద్రపాలిత ప్రాంతాలు చేశారు, అప్పుడు అక్కడ అసెంబ్లీయే లేదు, రాష్ట్రపతి పాలన నడుస్తోంది. 2023 డిసెంబర్ లో సుప్రీంకోర్టు ఒక పూర్తి రాష్ట్రాన్ని అలా కేంద్రపాలితం చేయొచ్చా అనే అసలు ప్రశ్నకి జవాబు చెప్పకుండానే వదిలేసింది, రాష్ట్ర హోదా తిరిగి ఇస్తామని కేంద్రం చెప్పింది కాబట్టి. అంటే హైదరాబాద్ ని కేంద్రపాలితం చేస్తారంట అని రెండేళ్లకోసారి వాట్సాప్ లో తిరిగే పుకారు ఉంది చూడండి, అది పుకారే, నాకు తెలుసు, కానీ దాన్ని ఆపే గట్టి గోడ రాజ్యాంగంలో ఎక్కడుందో చూపించమంటే చూపించడం కష్టం. మనకి కావాల్సింది ఇచ్చినప్పుడు ఆ అధికారం సైజు ఎంతో మనం కొలుచుకోలేదు.

ఇప్పుడు మన సొంత రాష్ట్రం. తెలంగాణలో దాదాపు 19 లక్షల రేషన్ కార్డులు ఇంటికొచ్చి చూడకుండా కంప్యూటర్ లెక్కలతో తీసేశారని కేసు సుప్రీంకోర్టుదాకా వెళ్తే, 2022 ఏప్రిల్ లో కోర్టు మళ్లీ ఫీల్డ్ లో వెరిఫై చేయమంది. మా పిన్ని కార్డు కూడా అలాగే ఒకరోజు డీలర్ దగ్గర మిషన్ లో కనపడలేదు. ఆఫీసుకి వెళ్తే పైనుంచి పోయింది అంటారు, పై ఆఫీసుకి వెళ్తే కిందివాళ్లనే అడగండి అంటారు. సమాచార హక్కు కింద రాస్తే అప్పుడు తెలిసింది, బాబాయి పేరు మీద కారు ఉందని రికార్డులో ఉందంట. బాబాయి వేరేవాళ్ల కారుకి డ్రైవరు! ఆయన పేరే ఉన్న ఇంకో ఆసామిది ఆ కారు. ఈ ఒక్క లైను తెలుసుకోవడానికి ఎన్ని నెలలు బియ్యం కొనుక్కుని తిన్నారో. దీనికి ఢిల్లీని తిట్టి లాభం లేదు, ఇది ఇక్కడే జరిగింది.

2021 అక్టోబర్ లో గంజాయి తనిఖీలని చెప్పి సిటీలో రోడ్ల మీద కుర్రాళ్లని ఆపి ఫోన్లు ఓపెన్ చేయించి వాట్సాప్ లో వెతికారు, ఆ వీడియోలు మీరు కూడా చూసే ఉంటారు. మా తమ్ముడిని కూడా ఒకచోట ఆపారు. వాడు డ్యూటీ నుంచి వస్తున్నాడు, లాక్ తీయమంటే తీశాడు, చాట్ లో గంజా అని టైప్ చేసి వెతికారు, ఏం లేదు, పంపేశారు. ఇంటికొచ్చాక వాడి మొహం మామూలుగా లేదు, వాడికి కాబోయే భార్యతో మాట్లాడుకున్నవన్నీ అందులోనే ఉన్నాయి. "తప్పు చేయకపోతే భయమెందుకు" అని మా మామయ్య అన్నారు. ఆయన మంచి మనిషే, నేను గౌరవంగానే చెప్పా, మామయ్యా మీ ఫోన్ ఇప్పుడు అక్కడ టేబుల్ మీద పెట్టి అందరికీ ఓపెన్ చేసి ఇవ్వండి చూద్దాం అని. ఇవ్వలేదు. ఇవ్వక్కర్లేదు కూడా, ఆయన తప్పు చేశారని కాదు కదా.

ఇక 2019 డిసెంబర్ 6, చటాన్ పల్లి ఎన్కౌంటర్, దిశ అత్యాచారం, హత్య కేసులో పట్టుకున్న నలుగురిని పోలీసులు కాల్చి చంపింది. ఆ అమ్మాయికి జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు, నేను కూడా రాత్రి ఆఫీసు నుంచి వచ్చే ఆడదాన్నే. కానీ పోలీసుల మీద పూలు చల్లినరోజు నాకు చాలా భయం వేసింది. సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ తర్వాత ఏం చెప్పింది? పోలీసులు చెప్పిన కథ నమ్మేలా లేదు, చంపాలనే కాల్చారు, చనిపోయిన నలుగురిలో ముగ్గురు మైనర్లు, పదిమంది పోలీసుల మీద విచారణ జరగాలి అని చెప్పింది. కోర్టు లేకుండా శిక్ష వేసే అధికారం ఒకసారి చప్పట్లతో ఇచ్చేస్తే, దాన్ని రేపు ఎవరి మీద వాడతారో చెప్పే హక్కు మన దగ్గర ఉండదు.

దీనికి ఎప్పుడూ వచ్చే ఎదురు ప్రశ్న, ప్రతిదానికీ ఇలా అడ్డం పడితే ప్రభుత్వం పని ఎలా చేస్తుంది అని. ప్రభుత్వం వద్దు అని నేను ఎక్కడా అనట్లేదు. ఇందాక చెప్పిన గాంధీ హాస్పిటలే 2020లో కరోనా పేషెంట్లందరినీ తీసుకుంది, ప్రైవేట్ వాళ్లు లక్షలు అడుగుతున్నప్పుడు మా వీధిలో ఇద్దరు అక్కడే బతికి బయటపడ్డారు. పిన్నికి బియ్యం ఇచ్చేదీ ప్రభుత్వమే, ఆ బియ్యం 2013 ఆహార భద్రత చట్టం ప్రకారం కేంద్రం ఇస్తున్నవే ఎక్కువ. ప్రభుత్వం గట్టిగా ఉండాలి. కానీ నా దగ్గరున్నది తీసుకునేటప్పుడు, నా ఇంట్లోకి నా ఫోన్ లోకి వచ్చేటప్పుడు, ఏ చట్టం కింద వచ్చావు, ఎవరు ఆర్డర్ ఇచ్చారు, తప్పు జరిగితే నేను ఎవరి దగ్గరికి వెళ్లాలి, ఎన్ని రోజుల్లో తేలుస్తారు, ఈ నాలుగూ కాగితం మీద ఉండాలి. ఫోన్ ట్యాపింగ్ కి కూడా 1996లోనే సుప్రీంకోర్టు చెప్పింది, హోం సెక్రటరీ స్థాయి అధికారి రాతపూర్వకంగా ఆర్డర్ ఇవ్వాలి, కమిటీ దాన్ని చూడాలి అని. అయినా 2021లో ఫోన్లలోకి దూరి నిఘా పెట్టే పెగాసస్ సాఫ్ట్‌వేర్ అని ఢిల్లీలో గొడవ, 2024లో పంజాగుట్ట స్టేషన్ లో మన రాష్ట్రం ట్యాపింగ్ కేసు. పెగాసస్ ని తిట్టినవాళ్లలో ఎంతమంది పంజాగుట్ట కేసు గురించి మాట్లాడారో, పంజాగుట్ట కేసు పట్టుకున్నవాళ్లలో ఎంతమంది పెగాసస్ గురించి అడిగారో మీరే మీ ఫ్రెండ్స్ టైంలైన్ చూసుకోండి.

ఇక ప్రాక్టికల్ గా ఏం చేయొచ్చు అంటే, నాకు పని చేసింది చెప్తా. దేనికైనా ముందు సమాచార హక్కు చట్టం సెక్షన్ 6(1) కింద అప్లికేషన్ రాయండి, తెల్ల కాగితం మీద తెలుగులో రాసినా చెల్లుతుంది, ఫీజు 10 రూపాయలు మించదు, దారిద్ర్యరేఖకి దిగువన ఉన్నవాళ్లకి అదీ లేదు. ఎందుకు చేశారు అని అడగకండి, ఆ ప్రశ్నకి సమాధానం ఇవ్వరు, ఫలానా ఆర్డర్ కాపీ ఇవ్వండి, ఫలానా ఫైల్ నోట్ ఇవ్వండి, సంతకం చేసిన అధికారి హోదా చెప్పండి అని అడగండి. 30 రోజుల్లో రాకపోతే సెక్షన్ 19(1) కింద అదే ఆఫీసులో పై అధికారికి ఫస్ట్ అప్పీల్. పిన్ని కేసులో జవాబు వచ్చింది ఫస్ట్ అప్పీల్ లోనే. దానిపైన సెకండ్ అప్పీల్ కి సమాచార కమిషన్ ఉంది, కానీ మన రాష్ట్రంలో 2023 ఫిబ్రవరి నుంచి రెండేళ్లకి పైగా ఒక్క కమిషనర్ కూడా లేకుండా నడిపారు, అక్కడ అప్పీళ్లు గుట్టలు పడ్డాయి, కేంద్రం ఏమో 2019లో కమిషనర్ల పదవీకాలం జీతం తన చేతిలోకి తెచ్చుకుంది, 2023 డేటా చట్టంతో వ్యక్తిగత సమాచారం అనే కారణం చూపి తిప్పి పంపడం ఇంకా సులువు చేసింది. కాబట్టి ఫస్ట్ అప్పీల్ దశలోనే పని అయ్యేలా గట్టిగా రాయండి, తేదీలు వేయండి, చేతికి ఇస్తే స్టాంప్ వేయించుకోండి, పోస్ట్ లో అయితే స్పీడ్ పోస్ట్ చేసి రసీదు అప్లికేషన్ జిరాక్స్ కి పిన్ చేసి దాచండి. రాయడంలో డౌట్ ఉంటే కింద కామెంట్ లో అడగండి, పేరు అడ్రస్ తీసేసి పెడితే చాలు, నేను చూసి చెప్తా.